ఏడో నెల పాపతో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి: నా అనుభవం

2025 ఆగస్టు 1న ఏపీ కానిస్టేబుల్ ఫైనల్ రిజల్ట్ వచ్చింది. నాకు రాలేదు, మా తమ్ముడికి వచ్చింది. ఇద్దరం ఒకే రోజు ఒకే నెట్ సెంటర్‌లో పక్కపక్కన కూర్చుని అప్లై చేసినవాళ్లం. రాత పరీక్షలో వాడికన్నా నాకు పదకొండు మార్కులు ఎక్కువ. వాడికి లెక్కలు చెప్పింది కూడా నేనే. వాడిమీద కోపం లేదు, వాడు చాలా కష్టపడ్డాడు. కానీ ఈ రెండున్నరేళ్లలో వాడికి ఏం జరిగింది, నాకు ఏం జరిగింది అనేది పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడో మండుతుంది. తర్వాతి నోటిఫికేషన్‌కి చదువుతున్న అమ్మాయిలకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

మాది ప్రకాశం జిల్లా. నోటిఫికేషన్ 2022 నవంబర్ చివర్లో వచ్చింది, మేం డిసెంబర్‌లో అప్లై చేశాం. బీసీ కాబట్టి తలా 300 రూపాయలు. నెట్ సెంటర్ అబ్బాయి తమ్ముడికి సివిల్ (స్టేషన్లలో పనిచేసే పోలీసులు), ఏపీఎస్పీ (ఆంధ్రప్రదేశ్ స్పెషల్ పోలీస్ బెటాలియన్లు) రెండూ పెట్టాడు, నాకు సివిల్ ఒక్కటే. "రెండోది కూడా పెట్టు" అన్నాను. "ఏపీఎస్పీ మగవాళ్లకేనక్కా" అన్నాడు. మొత్తం పోస్టులు 6,100. అందులో సివిల్ 3,580, ఏపీఎస్పీ 2,520. అంటే ఆ 2,520 ఉద్యోగాల తలుపు నాకు ఫారం నింపే రోజే మూసుకుంది, ఫీజు మాత్రం ఇద్దరికీ ఒకటే. సివిల్‌లో మూడో వంతు ఆడవాళ్లకి రిజర్వేషన్ ఉంది, కాదనను, అది లేకపోతే మా ఊళ్లో ఒక్క ఆడపిల్లని కూడా ఈ ఉద్యోగానికి పంపేవాళ్లు కాదు. అయినా ఆ రోజు నుంచే మనసులో ఒక ముల్లు.

కొలతల గురించి అప్పట్లో నాకున్న టెన్షన్ అంతా ఎత్తు మీదే. ఆడవాళ్లకి 152.5 సెంటీమీటర్లు ఉండాలి, బరువు 40 కిలోలకి తగ్గకూడదు. నేను మా ఊరి టైలర్ టేపుతో కొలిస్తే ఒకసారి 153, ఒకసారి 152. అమ్మ ఇంకో భయం పెట్టుకుంది, తమ్ముడికి ఛాతీ కొలుస్తారని విని "నీక్కూడా కొలుస్తారా" అని చిన్నగా అడిగింది. మన దగ్గర ఆడవాళ్లకి అది లేదని చెప్పాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. తర్వాత 2023లో హర్యానాలో అటవీ శాఖ ఉద్యోగాలకి ఆడవాళ్లక్కూడా ఛాతీ కొలత పెట్టారని గొడవైనప్పుడు అమ్మ భయం ఊరికే కాదని తెలిసింది. అదే ఏడాది రాజస్థాన్ హైకోర్టు కూడా ఇలాంటి కేసులోనే ఆడవాళ్ల గౌరవానికి భంగం అని గట్టిగా తప్పుపట్టింది. కాబట్టి ఆ ఒక్క విషయంలో మేం నయమే అనుకోవాలి.

2023 జనవరి 22న ప్రిలిమ్స్, అంటే మొదటి వడపోత రాత పరీక్ష. ఫిబ్రవరి 5న రిజల్ట్. లక్షల మంది రాస్తే 95,208 మంది క్వాలిఫై అయ్యారు, అందులో మేమిద్దరం. ఆ రోజు ఇంట్లో పండగే. మార్చి 13 నుంచి ఈవెంట్స్, అంటే కొలతలు, పరుగు, లాంగ్ జంప్ పరీక్షలు అన్నారు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, పెళ్లి కాలేదు, 51 కిలోలు, రోజూ పొద్దున ఐదింటికి హైస్కూల్ గ్రౌండ్‌లో తమ్ముడితో పాటు పరిగెత్తేదాన్ని. 1600 మీటర్లు తొమ్మిది నిమిషాల నలభై సెకన్లలో కొట్టేదాన్ని. మాకు ఇచ్చే టైం 10 నిమిషాల 30 సెకన్లు. అంటే ఆ మార్చిలో పెట్టి ఉంటే నవ్వుకుంటూ క్వాలిఫై అయ్యేదాన్ని.

పెట్టలేదు. ఎమ్మెల్సీ ఎన్నికలని వాయిదా వేశారు. ఆ తర్వాత హోంగార్డుల కోటా మీద కోర్టు కేసులు. తర్వాత అసెంబ్లీ ఎన్నికలు. ప్రిలిమ్స్ రిజల్ట్ నుంచి మళ్లీ కబురు రావడానికి ఇరవై ఒక్క నెలలు పట్టింది.

ఈ ఇరవై ఒక్క నెలలు అబ్బాయిలకీ నరకమే, నేను చూశాను. తమ్ముడు మొదటి ఆరు నెలలు గ్రౌండ్ మానలేదు, తర్వాత ఒంగోల్లో ఒక షాపులో 11 వేల జీతానికి చేరాడు, ఫ్రెండ్స్ ఎగతాళి చేస్తే గొడవలు పెట్టుకున్నాడు. కానీ వాడిని ఎవరూ "ఇంకెన్నాళ్లురా, పెళ్లి చేసుకుని తర్వాత పరిగెత్తు" అనలేదు. నన్ను అన్నారు. మొదట్లో అమ్మ నావైపే ఉంది. జూన్ వచ్చేసరికి సంబంధం వచ్చింది, అబ్బాయి వాళ్లు ఉద్యోగానికి అభ్యంతరం లేదన్నారు, నాన్నకి బీపీ, ఇంక ఏ తేదీ చూపించి ఆపమంటాను? చేతిలో తేదీ ఉంటే ఆపేదాన్ని. 2023 ఆగస్టు చివర్లో నిజ శ్రావణంలో పెళ్లి అయింది. 2024 జూన్ 11న పాప పుట్టింది. ఆపరేషన్.

నవంబర్‌లో స్టేజ్ 2, అంటే ఈవెంట్స్ అప్లికేషన్లు మొదలయ్యాయని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను పాపకి స్నానం చేయిస్తున్నా. "అక్కా, పెడుతున్నారు" అన్నాడు. నాకు సంతోషం రాలేదు. నిజం చెప్పాలంటే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. అప్పటికి ఆపరేషనై ఐదు నెలలు, బరువు 61 కిలోలు, పాప పూర్తిగా నా పాల మీదే ఉంది. ఈవెంట్స్ డిసెంబర్ 30 నుంచి అని తెలిసింది. ఎంత లెక్కేసినా ఆరేడు వారాలు.

ఇక్కడ మా ఆయన గురించి ఒక మాట చెప్పాలి. "వెళ్లి నడువు, పడిపోతే వచ్చెయ్" అన్నాడు, అంతే. అత్తయ్యే ఒప్పుకోలేదు. కుట్లు విడిపోతాయని, పాలు ఇంకిపోతాయని. ఆవిడ భయాన్ని తీసిపారేయలేను, ఆవిడకి తెలిసిన ప్రపంచం అది. చివరికి నాకు ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ దగ్గరికే వెళ్లాం. 400 ఫీజు. ఆవిడ కుట్లు చూసి, మొదట రెండు వారాలు వేగంగా నడవమని, తర్వాత మెల్లగా పరుగు పెంచమని, దూకడం మాత్రం చివర్లో చూసుకోమని చెప్పింది. "నొప్పి వస్తే ఆగిపో, పౌరుషానికి పోకు" అంది.

ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటి ఉంది, సిగ్గుపడకుండా చెప్తా. మొదటిరోజు పరిగెత్తగానే మూత్రం ఆగలేదు. రెండొందల మీటర్లకే ప్యాంటు తడిసింది. నాకు ఏదో పెద్ద రోగమే వచ్చిందనుకుని గ్రౌండ్ గోడ పక్కన కూర్చుని ఏడ్చాను. మళ్లీ డాక్టరమ్మకి ఫోన్ చేస్తే కాన్పయ్యాక చాలామందికి అవుతుందని, కింది కండరాలు బిగించి వదిలే వ్యాయామాలు చెప్పింది. అవి చేస్తూ, ప్యాడ్ పెట్టుకుని పరిగెత్తాను. బాలింతలు ఎవరైనా గ్రౌండ్‌కి వెళ్తుంటే ఇది ముందే తెలుసుకోండి, ప్యాడ్‌లు రెండు ఎక్కువ పెట్టుకోండి. ఇంకోటి, పాలిచ్చే వాళ్లు పరుగుకి ముందు పాపకి పట్టేసి వెళ్లాలి, లేకపోతే బరువుకి ప్రతి అడుగూ నొప్పే. బిగుతైన లోదుస్తులు రెండు ఒకదానిమీద ఒకటి వేసుకున్నా. బూట్లు 1,450, లోదుస్తులు 900. బూట్లలో మెట్టెలు కోసుకుపోయి రెండోరోజుకే వేలు పొక్కింది. మెట్టెలు తీస్తానంటే ఇంట్లో మళ్లీ చర్చ. పరిగెత్తేంతసేపూ తీసి, ఇంటికొచ్చి పెట్టుకోవడానికి రాజీ కుదిరింది.

డిసెంబర్ మధ్యలో నా టైం 12 నిమిషాల 10 సెకన్లు. పన్నెండు! రెండేళ్ల కింద తొమ్మిదీ నలభై కొట్టిన మనిషిని.

ఈలోగా కాగితాల పని. ఇది ఇంకో తలనొప్పి, ఇదీ ఆడవాళ్లకే. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు, అడ్రస్ మార్పించారు మా మామయ్య. అప్లికేషన్, హాల్‌టికెట్, టెన్త్ మెమో, కుల ధ్రువీకరణ అన్నీ పుట్టింటి ఇంటిపేరుతో ఉన్నాయి. ఆధార్ ఒక్కటే అత్తింటిది. మ్యారేజ్ సర్టిఫికెట్ మేం చేయించుకోలేదు, అప్పటికప్పుడు పరుగెత్తి చేయించాం, నోటరీ అఫిడవిట్ ఒకటి. చిల్లరమల్లరతో కలిపి 1,800 దాకా అయింది, మా ఆయనకి మూడు రోజుల కూలి పోయింది. తమ్ముడు పాత ఫైలు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నా డేట్ జనవరి మొదటి వారంలో, అమ్మాయిలకి విడిగా పెట్టిన రోజు వచ్చింది. తెల్లవారుజామున ఐదింటికల్లా అక్కడుండాలి. ముందురోజే జిల్లా కేంద్రంలో చుట్టాలింటికి నేను, అమ్మ, పాప వెళ్లాం. పొద్దున మనిషి కాస్త పొడుగుంటాడని, సాయంత్రానికి తగ్గుతాడని కోచింగ్‌లో చెప్పారు, అందుకని ఆ రాత్రి దిండు లేకుండా వెల్లకిలా పడుకున్నా. పాప రెండుసార్లు లేచింది, నేను పడుకుంది రెండు గంటలేమో. నాలుగింటికి పాపకి పాలిచ్చి అమ్మ చేతిలో పెట్టి బయల్దేరాను. అమ్మ కూడా పాపని పట్టుకుని గేటు దాకా వచ్చి రోడ్డుకి అవతల టీ కొట్టు దగ్గర కూర్చుంది. ఆ చలిలో, దుప్పటి కప్పుకుని. వద్దన్నా వినలేదు.

లోపల మొదట సర్టిఫికెట్లు. నా ఆధార్ చూసి అనుకున్నట్టే ఆపారు. పక్కన నిలబెట్టి నలభై నిమిషాల తర్వాత అఫిడవిట్, మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకుని, ఒక కాగితం మీద నాతో రాయించుకుని పంపారు. నాలాగే ఇంకో నలుగురు నిలబడ్డారు, నలుగురూ పెళ్లైనవాళ్లే. అందులో ఒకమ్మాయి అఫిడవిట్ లేక వాళ్లాయనకి ఫోన్ చేయించడానికి బతిమాలుతోంది. ఫోన్లు లోపలికి రానివ్వరు, గుర్తుపెట్టుకోండి.

తర్వాత ఎత్తు. జుట్టు మొత్తం విప్పమన్నారు, పిన్నులన్నీ తీయాలి. నా ముందున్న అమ్మాయి విగ్గు లాంటి సవరం పెట్టుకుందేమో అని నెత్తి తడిమి చూశారు. చూసింది ఆడ పోలీసే, అయినా ఆ పిల్ల మొహం ఎర్రగా అయింది. నాది 152.9. రెండేళ్లు భయపడిన సంగతి పది సెకన్లలో అయిపోయింది. బరువు దగ్గర నా వెనకాల ఒక పిల్ల ఉంది, పొద్దున్నే ఆరు అరటిపండ్లు తిని రెండు లీటర్ల నీళ్లు తాగి వచ్చింది, 40.3 చూపించింది. గంతేసింది పాపం. తర్వాత ఆ నీళ్లతోనే 1600 పరిగెత్తాలి మరి.

పరుగు వెంటనే ఉంటుందనుకున్నా. లేదు. బ్యాచ్‌లుగా పంపిస్తున్నారు, మా బ్యాచ్ వచ్చేసరికి పది దాటింది. పాపకి పాలిచ్చి ఆరు గంటలు. టీ షర్ట్ తడిసిపోయింది, చెస్ట్ నంబర్ కాగితం వెనకాల అంతా తడి. బయటికి పోయి పాలిచ్చి వస్తానంటే ఒకసారి వేలిముద్ర పడ్డాక పంపించరు. అక్కడ డ్యూటీలో ఉన్న ఒక మహిళా కానిస్టేబుల్ నా షర్ట్ వంక చూసి ఏమీ అడక్కుండా "రామ్మా" అని బాత్రూముల దగ్గరికి తీసుకెళ్లి, "పిండేసుకో, నేను ఇక్కడుంటా" అని తలుపుకి అడ్డంగా నిలబడింది. పాలు పిండి ఆ మోరీలో పారబోశాను. రోడ్డుకి అవతల నా పాప ఆకలికి ఏడుస్తూ ఉండి ఉంటుంది (తర్వాత అమ్మ చెప్పింది, ఏడ్చిందట, డబ్బా పాలు నోట పెట్టనివ్వలేదట). ఈ రోజంతటిలో నాకు నిద్రలో కూడా గుర్తొచ్చేది ఇదే.

బయటికొచ్చాక ఆవిడ "ఎన్నో నెల?" అంది. ఏడోది అన్నాను. "మొదటి రౌండ్ వేగంగా పోకు, అందరూ పోతారు, పోనివ్వు" అంది. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను.

ఆవిడ మాటే విన్నాను. నాలుగు రౌండ్లు. మొదటి రౌండ్‌లో నేను చివరి నుంచి మూడో దాన్ని. రెండో రౌండ్ వచ్చేసరికి, ముందు పరిగెత్తినవాళ్లు నడవడం మొదలుపెట్టారు. మూడో రౌండ్‌లో కుట్ల దగ్గర చురుక్కుమంది, ఆగుదామా అనుకున్నా, డాక్టరమ్మ చెప్పింది గుర్తొచ్చింది కూడా, కానీ పౌరుషానికే పోయాను, ఒప్పుకుంటా. నాలుగో రౌండ్ నాకు సరిగ్గా గుర్తులేదు. 10 నిమిషాల 21 సెకన్లు. తొమ్మిది సెకన్లలో బయటపడ్డా. గీత దాటాక మోకాళ్ల మీద కూలబడి వాంతి చేసుకున్నా.

1600 తప్పనిసరి. మిగతా రెండిట్లో, అంటే వంద మీటర్లు లేదా లాంగ్ జంప్‌లో ఒకటి క్వాలిఫై అయితే చాలు. వంద మీటర్లకి 18 సెకన్లు, నాకు 18 దాటింది, పోయింది. లాంగ్ జంప్ 2.75 మీటర్లు. మొదటిది 2.58. రెండోది గీత తొక్కా. దూకడానికే భయం, పొట్ట చీలిపోతుందేమో అని కాలు నేలని వదలట్లేదు. మూడోది ఎలా దూకానో, 2.79 అన్నారు. ఇసకలో కూర్చుని లేవలేదు కాసేపు.

మధ్యాహ్నం రెండున్నరకి బయటికొచ్చా. అమ్మ అక్కడే ఉంది. పాప నా చొక్కా పట్టుకుని వదల్లేదు.

నాతో పాటు కోచింగ్‌లో చదివిన నా ఫ్రెండ్ సంగతి కూడా చెప్పాలి. ప్రిలిమ్స్‌లో నాకన్నా ఎక్కువ మార్కులు తనకి. ఈవెంట్స్ వచ్చేసరికి తను ఏడో నెల గర్భిణి. హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేసుకుంది గానీ వెళ్లలేదు. తనే వద్దనుకుంది, ఎవరినీ ఏమీ అడగలేదు, ఇంట్లోవాళ్లూ అడగలేదు. తెలంగాణలో 2022 నోటిఫికేషన్‌లో గర్భిణులని ముందు తుది రాత పరీక్ష రాయనిచ్చారు, ఈవెంట్స్ తర్వాత పూర్తి చేస్తామని రాసిచ్చే షరతు మీద. ఈ సంగతి నాకు కూడా అప్పుడు తెలీదు. తెలిసి ఉంటే తనతో ఒక అర్జీ అయినా పెట్టించేదాన్ని, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. ఎవరికైనా ఇలా వస్తే నోరు మూసుకుని ఇంట్లో కూర్చోకండి, డాక్టర్ కాగితం జతచేసి రాతపూర్వకంగా అడగండి.

ఫైనల్ రాత పరీక్ష జూన్ 1న, గుంటూర్లో రాశాను. పాప మొదటి పుట్టినరోజుకి పది రోజుల ముందు. జనవరి నుంచి జూన్ దాకా నేను చదివింది రాత్రి పదకొండు నుంచి రెండింటి దాకానే, పగలు కుదిరేది కాదు. పేపర్ బాగానే రాశా. నేను పోటీ పడింది సివిల్‌కి, అక్కడ ఈవెంట్స్ ఊరికే క్వాలిఫై అవడానికే, మార్కులు రాతవే. తమ్ముడికి ఏపీఎస్పీలో రాతకి వంద, ఈవెంట్స్‌కి వంద. రెండేళ్లు షాపులో నిలబడినా వాడి కాళ్లు వాడివే, డిసెంబర్‌లో నెల ప్రాక్టీస్‌తో మళ్లీ ఫామ్‌లోకి వచ్చేశాడు. సివిల్‌లో వాడికీ రాలేదు. ఆ రెండో తలుపు తెరిచి ఉంది కాబట్టి వెళ్లాడు.

రిజల్ట్ వచ్చిన రోజు వాడు స్వీట్ బాక్స్ తెచ్చి నా ముందు పెట్టి ఏం మాట్లాడాలో తెలీక నిలబడ్డాడు. నేనే ఒకటి తీసి వాడి నోట్లో పెట్టా. రాత్రి మా ఆయన నిద్రపోయాక లెక్కలు వేశా: కోచింగ్, హాస్టల్, బూట్లు, డాక్టర్, కాగితాలు, ప్రయాణాలు కలిపి మొత్తం 41 వేల చిల్లర. అందులో తమ్ముడికి అక్కర్లేకుండా నాకు మాత్రమే అయినవి విడిగా గీత కొట్టి చూస్తే ఆరు వేలు దాటింది.

నిన్న నా ఫ్రెండ్ ఫోన్ చేసింది. తనకి బాబు, ఐదో నెల. మళ్లీ నోటిఫికేషన్ వస్తుందంటున్నారు, ఇద్దరం పెడదామా అంది. పెడదాం అన్నాను. ఇంకేం జాగ్రత్తలు చెప్పాలో తర్వాత ఆలోచిస్తా గానీ, ముందు ఒకటి చెప్పా: ఎవరెంత చెప్పినా ఆధార్‌లో ఇంటిపేరు మాత్రం మార్పించుకోకు.